తెరను ఆర్పింది ఎవరు?

లినక్స్ కంప్యూటర్‌ని కాసేపు కదపకుండా వదిలేస్తే స్క్రీన్ నల్లబడిపోతోందని ఎవరైనా చెబితే సలహాలకు కొదవ ఉండదు. ఫలానా కమాండ్ కొట్టమని ఒకరు, ఫలానా ఫైల్‌లో ఒక లైన్ చేర్చమని ఇంకొకరు, గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమని మరొకరు చెబుతారు. ఇవన్నీ ఎవరో ఒకరి దగ్గర నిజంగా పనిచేసినవే. కానీ చెప్పినవాళ్ల కంప్యూటర్‌లో తెర ఎందుకు నల్లబడిందో, అడిగినవాళ్ల దగ్గరా అందుకే నల్లబడిందన్న హామీ లేదు. నల్లటి తెర ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది. దాని వెనక కారణాలు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనివి.

ముందు వాటిని విడదీసుకోవాలి. మౌస్ కదపగానే తెర మళ్లీ వెలిగితే ఏదీ చెడిపోలేదని అర్థం. ఎక్కడో ఒక టైమర్ తన పని తాను చేసింది, మనకు అక్కర్లేని వేళ చేసింది. కదిపినా వెలగకపోతే అప్పుడు నాలుగు అవకాశాలు ఉంటాయి. కంప్యూటర్ మెలకువగానే ఉండి మానిటర్ లేవకపోవచ్చు. కంప్యూటరే సస్పెండ్‌లోకి వెళ్లి తిరిగి రాలేక ఆగిపోయి ఉండవచ్చు. బొమ్మ తెర మీద ఉండి దాని వెనక దీపం మాత్రం వెలగకపోవచ్చు. లేదా లాక్ స్క్రీన్ ప్రోగ్రాం కుప్పకూలి ఉండవచ్చు. ఈ ఐదింట్లో ఏదో తేల్చుకోకుండా కొట్టే ప్రతి కమాండూ తర్వాతి వెతుకులాటను ఇంకాస్త కష్టం చేస్తుంది. మెషీన్లో ఏం మార్చామో మనకే గుర్తుండదు కాబట్టి.

తెరను ఆర్పాలన్న ఆలోచన లినక్స్ కంటే పాతది. పాత గాజు గొట్టపు మానిటర్లలో ఒకే బొమ్మ రోజుల తరబడి కదలకుండా ఉంటే లోపలి ఫాస్ఫర్ పూత అక్కడక్కడ అరిగిపోయి ఆ బొమ్మ నీడ శాశ్వతంగా మిగిలిపోయేది. దాన్ని తప్పించడానికి వచ్చినవే స్క్రీన్‌సేవర్లు. యునిక్స్ లోకంలో అందరికీ తెలిసిన ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ని జేమీ జవిన్‌స్కీ 1992లో విడుదల చేశాడు. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ పథకం మొదలుపెట్టింది. మొదట అందులో చేరినవి కంప్యూటర్లు, మానిటర్లే. 1993లో వెసా అనే ప్రమాణాల సంస్థ డీపీఎంఎస్ అనే పద్ధతిని ఖరారు చేసింది. కంప్యూటర్ నుంచి మానిటర్‌కి అడ్డ గీతలకొకటి, నిలువు కదలికకొకటి, రెండు సింక్ సంకేతాలు నిరంతరం వెళుతుంటాయి. మొదటిది ఆపితే మానిటర్ స్టాండ్‌బైలోకి, రెండోది ఆపితే సస్పెండ్‌లోకి, రెండూ ఆపితే ఆఫ్‌లోకి వెళ్లాలన్నది ఆ ఒప్పందం.

గొట్టం వేడెక్కడానికి సమయం పట్టే రోజుల్లో ఈ మూడు మెట్లకూ అర్థం ఉండేది. ఎల్‌సీడీ వచ్చాక మూడూ దాదాపు ఒకటే అయ్యాయి. అయినా ఆ మూడు గడువులూ ఇప్పటికీ, తెర మీద విండోలు చూపించే ఎక్స్ సర్వర్ సెట్టింగుల్లో విడివిడిగా ఉన్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఓలెడ్ తెరలు ల్యాప్‌టాప్‌లలోకి వచ్చాక బొమ్మ ముద్రపడిపోయే బెడద మళ్లీ నిజమైంది. కాబట్టి తెర ఆరడమే తప్పన్నట్టు దాన్ని పూర్తిగా మాన్పించే సలహా ఇప్పుడు అందరికీ పనికిరాదు.

మౌస్ కదిపితే తిరిగొచ్చే తెర సంగతి మొదట చూద్దాం. ఇక్కడి గందరగోళానికి మూలం ఒకటే: ఒక గదిలో ఒకే బల్బుకు నలుగురైదుగురు తలో స్విచ్ పెట్టుకున్నట్టు, లినక్స్‌లో తెరను ఆర్పే అధికారం చాలామంది చేతుల్లో ఉంది. ఎక్స్ సర్వర్‌కి సొంతంగా ఒక స్క్రీన్‌సేవర్ గడియారం ఉంది. దానికే డీపీఎంఎస్ గడియారాలు మూడు వేరే ఉన్నాయి. డెస్క్‌టాప్ పవర్ మేనేజర్ తన లెక్క తాను వేసుకుంటుంది. లాక్ ప్రోగ్రాం ఇంకో లెక్క. వీటన్నిటి కింద సిస్టమ్‌డీలో భాగమైన లాగిన్‌డీ, ఎవరూ ఏమీ చేయడం లేదనిపిస్తే ఏం చేయాలో తన ఫైల్లో రాసుకుని కూర్చుంటుంది. అట్టడుగున కెర్నెల్. ఒక స్విచ్ ఆపి బల్బు ఇంకా ఆరుతోందని విసుక్కునేవాళ్లు చేతిలో ఉన్న స్విచ్ ఎవరిదో చూడలేదన్నమాట.

దీన్ని దగ్గరగా చూడాలంటే ఎక్స్ సెషన్‌లో టెర్మినల్ తెరిచి ఎక్స్‌సెట్ అని రాసి, ఖాళీ వదిలి, క్యూ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే పొడుగాటి జవాబులో చివరి భాగమే మనకు కావలసింది. స్క్రీన్ సేవర్ అన్న మాట కింద టైమౌట్ 600 అని కనిపిస్తే, 600 సెకన్లకు, అంటే 10 నిమిషాలకు ఎక్స్ తెరను ఖాళీ చేస్తుంది. అది ఎక్స్ సర్వర్ పుట్టుకతో తెచ్చుకున్న గడువు. ఇంకొంచెం కింద డీపీఎంఎస్ అన్నచోట స్టాండ్‌బై, సస్పెండ్, ఆఫ్ అని మూడు అంకెలుంటాయి. వాటికి డిఫాల్ట్ గడువు కూడా 600 సెకన్లే. ఎక్స్‌సెట్ ఎస్ ఆఫ్ అన్న కమాండ్ మొదటి గడియారాన్ని ఆపుతుంది. ఎక్స్‌సెట్ తర్వాత మైనస్ గుర్తు, డీపీఎంఎస్ అక్షరాలు కలిపి కొడితే మిగతా మూడూ ఆగుతాయి. ఒకటి ఆపి రెండోది మరిచిపోవడం చాలా మామూలు. అప్పుడు తెర సరిగ్గా అదే 10 నిమిషాలకు ఆరుతుంది కాబట్టి కమాండ్ అసలు పనిచేయలేదనిపిస్తుంది.

అయితే ఎక్స్ మీద గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇదే కమాండ్ వేరే దృశ్యం చూపిస్తుంది. టైమౌట్ దగ్గర 0 ఉంటుంది, తెర మాత్రం 5 నిమిషాలకే ఆరుతుంది. ఎందుకంటే గ్నోమ్ లాగిన్ కాగానే ఎక్స్ గడియారాన్ని తానే సున్నా చేసి, ఆ బాధ్యత తన చేతిలోకి తీసుకుంటుంది. దాని గడువు ఐడిల్ డిలే అనే మీటలో ఉంది, డిఫాల్ట్ 300 సెకన్లు. సెట్టింగ్స్‌లో పవర్ పేజీలో స్క్రీన్ బ్లాంక్ అన్న వరుసలో కనిపించేది అదే. అక్కడ నెవర్ ఎంచుకుంటే అయిపోయే పనికి ఎక్స్‌సెట్ కమాండ్లను స్టార్టప్‌లో ఇరికించడం వృథా. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఇబ్బంది ఇంకో రకం. పవర్ మేనేజర్ డిస్‌ప్లే పేజీలో బ్లాంక్, స్లీప్, స్విచ్ ఆఫ్ అని మూడు జారుడు మీటలు ఉంటాయి. స్క్రీన్‌సేవర్ ప్రోగ్రాం మరోచోట తన గడువు పెట్టుకుంటుంది. మనం టెర్మినల్లో పెట్టిన అంకెలను పవర్ మేనేజర్ తన అంకెలతో చెరిపేస్తుంది. కేడీఈలో ఇదంతా పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ప్లగ్‌లో ఉన్నప్పుడు, బ్యాటరీ మీద, బ్యాటరీ అడుగంటినప్పుడు అని మూడు విభాగాలుగా ఉంటుంది. ప్లగ్‌లో ఉన్నప్పటి గడువు మాత్రమే మార్చి, కరెంటు పోగానే తెర మళ్లీ తొందరగా ఆరిపోతోందని ఆశ్చర్యపోయేవాళ్లు మన ఊళ్లలో ఉండడం సహజమే. వేసవి కోతల్లో ల్యాప్‌టాప్ రోజుకు ఎన్నిసార్లు బ్యాటరీ మీదికి మారుతుందో తెలిసిందే కదా.

లాగిన్ కాకముందు కనిపించే తెరది మరో కథ. గ్నోమ్‌లో ఆ తెరను నడిపే జీడీఎం వేరే యూజర్ పేరుతో, వేరే సెట్టింగులతో నడుస్తుంది. 2018లో వచ్చిన గ్నోమ్ 3.28 నుంచి, ప్లగ్‌లో ఉన్న కంప్యూటర్ని కూడా కదలిక లేకపోతే కొంతసేపటికి సస్పెండ్ చేయడం డిఫాల్ట్ అయింది. కొన్ని డిస్ట్రోలు దాన్ని మార్చుకున్నాయి, కొన్ని అలాగే ఉంచాయి. ఫలితంగా మూల గదిలో ఫైల్ సర్వర్‌గా పెట్టుకున్న మెషీన్, ఎవరూ లాగిన్ కాకపోవడం వల్లే నిద్రపోయేది. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో పనిచేస్తున్నవాళ్లు ఉన్నా సరే, కీబోర్డు ముందు ఎవరూ లేరు కాబట్టి అది ఖాళీగా ఉన్నట్టే లెక్క. మన యూజర్ సెట్టింగుల్లో ఎన్ని మార్చినా జీడీఎంకి అంటవు. సర్వర్‌గా వాడే మెషీన్లో నాలుగు స్లీప్ టార్గెట్లనూ సిస్టమ్‌డీతో మాస్క్ చేయడమే దీనికి గట్టి మందు.

ఎక్స్ స్థానంలో వేలాండ్ వచ్చాక ఈ చిత్రం చాలా మారింది, నా దృష్టిలో మంచికే మారింది. 2016 నవంబర్‌లో వచ్చిన ఫెడోరా 25 వేలాండ్‌ని డిఫాల్ట్ చేసింది. ఉబుంటు 21.04లో ఆ దారిలోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6తో కేడీఈ కూడా అటు మారింది. వేలాండ్‌లో తెరను ఆర్పేది, విండోలను కూర్చి తెర మీద చూపించే కంపోజిటర్ ఒక్కటే. మిగతా ప్రోగ్రాములు కావాలంటే దాన్ని అడగాలి. ఎక్స్‌సెట్ అక్కడ పనిచేయదు. కమాండ్ తప్పు చూపకుండా ముగిసినా దాని ప్రభావం తెర మీద ఉండదు. పాత వ్యాసాల్లోని సలహాలు కొత్త మెషీన్లలో పారకపోవడానికి అతి పెద్ద కారణం ఇదే. కాబట్టి ఏ సలహా తీసుకునే ముందైనా మన సెషన్ ఎక్స్‌దా వేలాండ్‌దా అన్నది చూడాలి. గ్నోమ్, కేడీఈ రెండింట్లోనూ సెట్టింగ్స్‌లో సిస్టం వివరాల పేజీ ఆ సంగతి చెబుతుంది. స్వే లాంటి చిన్న కంపోజిటర్లలో మాత్రం స్వేఐడిల్ అనే చిన్న ప్రోగ్రాంకి మనమే గడువులు రాసివ్వాలి. ఆర్పే కమాండ్ రాసి, తిరిగి వెలిగించే కమాండ్ రాయడం మరిచిపోతే తెర ఆరిందే ఆరడం.

డెస్క్‌టాప్ లేని నల్ల కన్సోల్ గురించి రెండు మాటలు చాలు. కెర్నెల్లో కన్సోల్‌బ్లాంక్ అనే మీట ఉంది. చాలా ఏళ్లపాటు అది 600 సెకన్లే. 2017లో వచ్చిన 4.12 కెర్నెల్ నుంచి డిఫాల్ట్ 0. ఆ తర్వాతి కెర్నెల్ వాడుతూ కన్సోల్‌బ్లాంక్ 0 అని బూట్ లైన్లో చేర్చుకోవడం వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. రాస్‌ప్‌బెరీ పైతో సమాచార బోర్డు నడిపేవాళ్లకు రాస్పీ కాన్ఫిగ్‌లో డిస్‌ప్లే ఆప్షన్స్ కింద స్క్రీన్ బ్లాంకింగ్ మీట ఉంది, దాన్ని ఆపేస్తే చాలు.

అసలు కంప్యూటర్ ఖాళీగా ఉందని ఎవరు తేలుస్తారు? కీబోర్డు, మౌస్, టచ్ కదిలితేనే ఎక్స్ దృష్టిలో మనిషి ఉన్నట్టు. గేమ్ కంట్రోలర్ పట్టుకుని గంట ఆడినా అది ఆ లెక్కలోకి రాదు. అందుకే ఆట మధ్యలో తెర ఆరుతుంది. రెండు గంటల సినిమా చూస్తున్నా అంతే. వీడియో ప్లేయర్ ముందుకొచ్చి, నేను నడుస్తున్నంతసేపు తెర ఆర్పవద్దని డెస్క్‌టాప్‌కి డీబస్ ద్వారా కబురు పెట్టాలి. వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్ ఈ పని చేస్తాయి. ఒక ప్లేయర్లో చూస్తే ఆరకుండా మరో ప్లేయర్లో ఆరుతుంటే తప్పు తెరదీ కాదు, డ్రైవర్‌దీ కాదు, ఆ ప్లేయర్ కబురు పెట్టడం లేదు. దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. కబురు పెట్టిన ప్రోగ్రాం దాన్ని వెనక్కి తీసుకోకపోతే తెర ఎప్పటికీ ఆరదు. సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ కమాండ్‌ని లిస్ట్ ఆప్షన్‌తో కొడితే లాగిన్‌డీ దగ్గర ఏయే ప్రోగ్రాములు నిద్రను అడ్డుకుంటున్నాయో పేర్లతో సహా చూపిస్తుంది. ఆన్‌లైన్ పాఠాలు వినే పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది మొదటిది, పాఠం మధ్యలో తెర ఆరే రకం. దానికోసం తెర గడువును శాశ్వతంగా తీసేయాల్సిన పని లేదు. గ్నోమ్‌లో కెఫీన్ లాంటి ఎక్స్‌టెన్షన్ పాఠం జరిగినంతసేపు వేసి, అయ్యాక తీసేయడమే మేలు.

ఇక కదిపినా వెలగని తెర. ఇక్కడ తొందరపడి పవర్ బటన్ నొక్కిపట్టడమే అందరూ చేసే పని. అలా చేయగానే కారణం తెలుసుకునే అవకాశం సగం పోతుంది. అంతకుముందు చేయవలసిన చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. మొదట క్యాప్స్ లాక్ నొక్కి కీబోర్డు మీద దీపం వెలిగి ఆరుతోందా చూడండి. వెలిగితే కెర్నెల్ బతికే ఉంది. తర్వాత కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. లాగిన్ అడిగే నల్ల కన్సోల్ వస్తే తెర, కేబుల్, గ్రాఫిక్స్ కార్డు మూడూ బాగున్నట్టే. తప్పు డెస్క్‌టాప్‌లోనో లాక్ ప్రోగ్రాంలోనో ఉంది. అదీ రాకపోతే ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి చూడాలి. ఫోన్లో టెర్మినల్ యాప్ ఉన్నా చాలు. తరచూ నల్లబడే మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని ముందే వేసిపెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను. నల్లబడ్డాక వేసుకోవడం కుదరదు.

ల్యాప్‌టాప్ అయితే గది చీకటి చేసి, ఫోన్ టార్చిని తెరకు ఆనించినంత దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడండి. గడియారం అంకెలో, పాస్‌వర్డ్ పెట్టో బూడిదరంగు నీడలా కనిపిస్తే బొమ్మ వస్తూనే ఉంది, వెనక దీపం మాత్రమే వెలగలేదు. సస్పెండ్ సెట్టింగుల్లో ఎంత వెతికినా దీనికి జవాబు దొరకదు. బ్రైట్‌నెస్ సున్నాకు దిగిపోయి ఉండవచ్చు. దాన్ని నడిపే పద్ధతి మీద కెర్నెల్‌కీ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌కీ పొత్తు కుదరకపోయి ఉండవచ్చు. సిస్ కింద క్లాస్, దాని కింద బ్యాక్‌లైట్ అన్న ఫోల్డర్లో బ్రైట్‌నెస్ ఫైల్ తెరిస్తే అంకె తెలుస్తుంది. బూట్ లైన్లో ఏసీపీఐ బ్యాక్‌లైట్ మీటను నేటివ్ అనో, వెండర్ అనో మార్చి చూడడం ఈ ఒక్క సందర్భంలో సరైన సలహా. ఓలెడ్ తెరకు వెనక దీపమే ఉండదు కాబట్టి టార్చి పరీక్ష దానికి చెల్లదు.

డెస్క్‌టాప్ మెషీన్లలో అనుమానించాల్సింది మానిటర్ని. డిస్‌ప్లేపోర్ట్ మీద నడిచే కొన్ని మానిటర్లు గాఢనిద్రలోకి వెళ్లగానే నేనున్నానని చెప్పే సంకేతాన్ని కూడా దించేస్తాయి. కంప్యూటర్ దృష్టిలో అది కేబుల్ పీకేసినట్టే. ఉన్న ఒక్క తెరా పోయిందనుకుని డెస్క్‌టాప్ తన విండోలను ఎటో సర్దుతుంది. మానిటర్ తిరిగి లేచాక దానికి బొమ్మ పంపడం ఒక్కోసారి మరిచిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, సిస్ కింద క్లాస్‌లో డీఆర్‌ఎం ఫోల్డర్ తెరిస్తే ప్రతి పోర్టుకూ ఒక అర కనిపిస్తుంది. అందులో స్టేటస్ ఫైల్ కనెక్టెడ్ అంటుందా డిస్‌కనెక్టెడ్ అంటుందా చూడండి. దాని పక్కనే డీపీఎంఎస్ ఫైల్ ఆన్ అంటుందా ఆఫ్ అంటుందా చూడండి. మానిటర్ కళ్లెదుట ఉండగా డిస్‌కనెక్టెడ్ అని వస్తే దోషి దొరికినట్టే. అప్పుడు లినక్స్‌ని వదిలి, మానిటర్ సొంత మెనూలో డీప్ స్లీప్‌ని, ఇన్‌పుట్‌ని ఆటోమేటిక్‌గా వెతికే మీటను ఆపాలి. అవి లేని మానిటరైతే హెచ్‌డీఎంఐకి మారి చూడాలి. స్టేటస్ కనెక్టెడ్ అయి, డీపీఎంఎస్ ఆఫ్‌లోనే ఉండిపోతే వెలిగించే ఆదేశం వెళ్లలేదని అర్థం, అది కంపోజిటర్ తప్పు. ఈ రెండు చిన్న ఫైళ్లు చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లకు సగం సమస్య అక్కడే విడిపోతుంది.

క్యాప్స్ లాక్ దీపం వెలగక, ఎస్‌ఎస్‌హెచ్ పలకకపోతే కంప్యూటర్ సస్పెండ్ నుంచి తిరిగి రాలేకపోయిందని బలంగా అనుకోవచ్చు. బలవంతంగా ఆపి మళ్లీ బూట్ చేశాక, జర్నల్‌సీటీఎల్‌ని మైనస్ బీ, మైనస్ 1 అని చేర్చి కొడితే పోయిన బూట్ లాగ్ వస్తుంది. దాని చివరికి వెళ్లండి. పీఎం అన్న గుర్తుతో సస్పెండ్ ఎంట్రీ అనే లైన్ ఉండి, సస్పెండ్ ఎగ్జిట్ అనే లైన్ లేకుండా లాగ్ ఆగిపోతే సంగతి తేలిపోయింది. ఆ ఎంట్రీ పక్కన డీప్ అనో ఎస్2ఐడిల్ అనో ఉంటుంది. డీప్‌లో మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగుతుంది. ఎస్2ఐడిల్‌లో ప్రాసెసర్ మెలకువకు దగ్గరగానే ఉండి కునుకు తీస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంది. రెండూ ఉన్న మెషీన్లో ఒకదానితో లేవకపోతే రెండోదానికి మార్చడం చవకైన, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగల ప్రయోగం. అదే లాగ్‌లో ఇంకొంచెం పైన లిడ్ క్లోజ్డ్ అని ఉంటే నిద్రపుచ్చింది గడువు కాదు, మూత.

ఎన్విడియా గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద పడే నిందలో కొంత నిజమూ ఉంది, కొంత అపోహా ఉంది. సస్పెండ్‌లో గ్రాఫిక్స్ కార్డు మెమరీ చెరిగిపోతుంది. దాంట్లో అత్యవసరమైన కొంత భాగాన్ని మాత్రమే ఎన్విడియా డ్రైవర్ మామూలుగా దాచిపెట్టి తిరిగి నింపుతుంది. మిగతాది పోతే లేచాక తెర నల్లగానో, చెదిరిన రంగులతోనో వస్తుంది. మొత్తం దాచమని చెప్పడానికి ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్ అనే మీట ఉంది. దాన్ని 1 చేస్తే చాలదు. ఎన్విడియా సస్పెండ్, రెజ్యూమ్, హైబర్నేట్ అనే మూడు సిస్టమ్‌డీ సర్వీసులు కూడా ఎనేబుల్ అయి ఉండాలి. దాచే ఫైల్ డిఫాల్ట్‌గా టెంప్ ఫోల్డర్లోకి వెళుతుంది. కొన్ని డిస్ట్రోల్లో ఆ ఫోల్డర్ ర్యామ్‌లోనే ఉంటుంది, అక్కడ చోటు చాలకపోతే మొత్తం ప్రయత్నం విఫలమవుతుంది. ఆ చోటును డిస్క్ మీదికి మార్చేందుకు ఇంకో మీట ఉంది. ఈ మూడు విషయాలు కలిసొస్తేనే మందు పనిచేస్తుంది. ఒకటి వదిలి రెండు చేసినవాళ్లు డ్రైవర్ మీద ఆశ వదులుకుని పాత వెర్షన్‌కి పోతుంటారు. 2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సును బయటపెట్టింది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లు చదవగలిగే పరిస్థితి అప్పటినుంచి వచ్చింది.

ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో అనుమానించాల్సింది ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. తెర మీద బొమ్మ మారనప్పుడు ప్యానెలే తన మెమరీలోంచి దాన్ని చూపిస్తూ గ్రాఫిక్స్ చిప్‌కి విశ్రాంతి ఇచ్చే ఏర్పాటు అది. కరెంటు బాగా ఆదా అవుతుంది. కొన్ని ప్యానెళ్లతో మాత్రం సరిగా కుదరక బొమ్మ గడ్డకడుతుంది, మినుకుతుంది, లేదా నల్లబడుతుంది. ఇంటెల్‌కి ఐ915 మాడ్యూల్ పీఎస్‌ఆర్ మీటను 0 చేయడం, ఏఎండీకి డీసీ డీబగ్ మాస్క్ మీట పెట్టడం పరీక్షగా మంచివే. పరీక్ష నెగ్గితే కెర్నెల్ కొత్త వెర్షన్లలో అది సరిదిద్దారేమో చూసి మీట తీసేయాలి. బూట్ లైన్లో ఏళ్లతరబడి మిగిలిపోయిన ఇలాంటి మీటలే తర్వాత వచ్చే కొత్త సమస్యలకు తల్లి.

మిగిలింది లాక్. ఎక్స్‌లో లాక్ స్క్రీన్ అంటే మిగతా విండోల మీద పరుచుకున్న మరో విండో, అంతే. అది కుప్పకూలితే రెండే ఫలితాలు: నల్లటి తెర, లేదా పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకున్న డెస్క్‌టాప్. 2021 జనవరిలో లినక్స్ మింట్‌లో తెర మీది కీబోర్డులో ఒక అక్షరం నొక్కితే సిన్నమన్ లాక్ కూలిపోతోందని బయటపడింది. కీబోర్డు మీద ఇష్టమొచ్చినట్టు కొట్టిన పిల్లల వల్ల అది తెలిసింది. ఎక్స్‌ఎఫ్‌సీఈతో చాలాకాలం వచ్చిన లైట్‌లాకర్ ప్రోగ్రాం వేరే వర్చువల్ టెర్మినల్‌కి మారి లాక్ చేసేది. ఆ మార్పు మధ్యలో చిక్కుకుంటే నల్లటి తెరే. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కితే తిరిగి వచ్చిందంటే కారణం అదే. 2019లో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.14తో సొంత స్క్రీన్‌సేవర్ వచ్చాక లైట్‌లాకర్‌ని తీసేయడమే మంచి పని అయింది. వేలాండ్‌లో లాక్ ప్రోగ్రాం చనిపోయినా కంపోజిటర్ తాళం తీయకూడదన్నది కొత్త లాక్ ప్రోటోకాల్‌లోనే రాసిపెట్టిన నియమం. భద్రతకు అది సరైన ఎంపిక, తెర ఖాళీగా మిగిలినా సరే. అలా చిక్కుకున్నప్పుడు కన్సోల్లోకి వెళ్లి లాగిన్‌సీటీఎల్‌తో అన్‌లాక్ సెషన్స్ అని కొడితే కొన్నిసార్లు బయటపడవచ్చు. కేడీఈ అయితే లాక్ చెడినప్పుడు ఈ దారినే తెర మీద రాసి చూపిస్తుంది. ఇంత స్పష్టంగా చెప్పే మర్యాద మిగతా డెస్క్‌టాప్‌లు కూడా నేర్చుకోవాలి.

ఏదీ కుదరనప్పుడు కూడా పవర్ బటన్ కంటే మెరుగైన దారి ఒకటి ఉంది. ఆల్ట్, సిస్‌రిక్యూ పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా నొక్కితే డిస్క్‌కి రాయాల్సింది రాసి, ఫైల్ సిస్టమ్‌లను చదవడానికే పరిమితం చేసి, రీబూట్ చేస్తుంది. పుస్తకాల్లో ఆరు అక్షరాల వరుస చెబుతారు. ఉబుంటు తన డిఫాల్ట్ 176 అంకెతో ఈ మూడింటికే అనుమతి ఇచ్చింది, అందుకే ఆ వరుసలో మొదటి మూడు పనిచేయడం లేదని కంగారు పడనక్కర్లేదు.

ఇంత పరిశీలించాక నా తీర్పు ఇది. చలామణిలో ఉన్న మందుల్లో అన్ని గడియారాలనూ ఒకేసారి ఆపేసే స్క్రిప్టు అన్నిటికంటే చెడ్డది. అది లాక్‌ని కూడా పోగొడుతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీని తినేస్తుంది, లేవని తెర సమస్యను దాచిపెడుతుందే తప్ప తీర్చదు. సస్పెండ్‌ని శాశ్వతంగా ఆపడం సర్వర్‌కి తగును, సంచిలో పెట్టుకుని తిరిగే ల్యాప్‌టాప్‌కి తగదు. ఒక్క గడువును, దాని యజమాని ఎవరో తెలుసుకుని, ఆ యజమాని సెట్టింగులోనే మార్చడం మిగతా అన్నిటికంటే మేలు. కానీ ఆ యజమానిని కనుక్కోవడం ఇంత కష్టంగా ఎందుకుండాలి? సస్పెండ్ అయితే లాగ్‌లో పడుతుంది. తెర ఆర్పితే మామూలుగా పడదు. ఫలానా వేళ, ఫలానా గడువు దాటినందుకు, ఫలానా ప్రోగ్రాం తెర ఆర్పిందని ఒక్క లైన్ జర్నల్‌లో రాసే అలవాటు ప్రతి డెస్క్‌టాప్‌కీ ఉండి ఉంటే ఈ ప్రశ్నల్లో చాలా భాగం పుట్టేవే కావు. ఇది డెవలపర్ల వైపు నుంచి ఏళ్లుగా మిగిలిన బాకీ అని నేను నమ్ముతున్నాను.

వాడేవాళ్ల వైపు నుంచి చేయగలిగిందీ ఉంది. కారణం దొరికినా దొరకకపోయినా మీ డిస్ట్రో బగ్ పేజీలో రాయండి. సెషన్ ఎక్స్‌దా వేలాండ్‌దా, ఎన్ని నిమిషాలకు ఆరింది, క్యాప్స్ లాక్ దీపం వెలిగిందా, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3కి కన్సోల్ వచ్చిందా, డీఆర్‌ఎం ఫోల్డర్లో స్టేటస్ ఏమంది, పోయిన బూట్ లాగ్ చివరి లైన్లు ఏమిటి అన్నవి చేర్చండి. స్క్రీన్ నల్లబడుతోందని ఒక్క మాట రాసిన రిపోర్టుతో ఎవరూ ఏమీ చేయలేరు. ఈ వివరాలున్న రిపోర్టు మీ కంప్యూటర్‌తో పాటు అదే మోడల్ కొన్న ఇంకెందరి కంప్యూటర్లనో బాగుచేయగలదు.